తోక మీద మరిచిన ఎర్ర దారం

2013లో శాలిబండలో నాకు చిన్న కుట్టు దుకాణం ఉండేది. టెంట్లు, బండ్ల కవర్లు కుట్టేదాన్ని. ఊరి బయట అల్ట్రాలైట్ విమానాలు నేర్పే చోటి నుంచి కూడా పని వచ్చేది. ఇద్దరు కూర్చునే ఆ తేలిక విమానాలకు పైపుల చట్రం మీద తొడిగేది గుడ్డే. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఏ ముక్క ఎటువైపుదో తెలియడానికి రంగు ఊలు దారం కొస వేలాడేలా కుట్టుకుని, గుడ్డ బిగించాక తీసేసేదాన్ని.

ఆ ఏడు ఒకే విమానం గుడ్డ మూడుసార్లు చక్రాల దగ్గరే చిరిగింది. నడిపేది బేగంబజార్ గిన్నెల వ్యాపారి. యాభై దాటాక ఎగరడం మొదలుపెట్టాడు. చిరిగిన గుడ్డ తనే మోసుకొచ్చేవాడు.

"మళ్లా పడేసినవా సేఠ్?"

"నేనేడ పడేసిన అక్కా, అదే పడ్తది. భూమి దగ్గరికొచ్చినంక నడిపే కట్టె గుంజితే ముక్కు లేస్తలేదు. ఇంకోసారి గిట్లయితే రావద్దన్నడు కెప్టెన్ సాబ్."

"ఇంట్ల ఏమంటున్నరు?"

"సొట్టలు పెట్టాలంటే దుకాణంల గిన్నెలు లేవా అంటున్నరు."

ఆ మాటకు నేను నవ్వాను. అతను నవ్వలేదు.

మూడోసారి గుడ్డ బిగించడానికి మైదానానికి నేనే వెళ్లాను. పనయ్యాక సేఠ్ ఎక్కి ఇంజన్ వేశాడు. అప్పుడు చూశాను, తోక మీది ఎర్ర దారం తీయడం మరిచాను. కత్తెరతో వెళ్లబోతుంటే, నేర్పే కెప్టెన్ గారు ఆపారు. ఆయనది కాకినాడ.

"ఉండమ్మా, తీయకు. సేఠ్ గారూ, వెనక ఆ దారం చూస్తూ థ్రాటిల్ పెంచండి."

సేఠ్ ఇంజన్ జోరు పెంచగానే దారం బిగుసుకుని కొట్టుకుంది.

"ఇప్పుడు మొత్తం మూసేయండి."

ఇంజన్ ఐడ్లింగ్‌కి, అంటే ఆగిపోకుండా మెల్లగా తిరిగే స్థితికి వచ్చింది. దారం వాలిపోయింది.

"తోకకు గాలే పోతలేదు గదా," అన్నాడు సేఠ్.

"నాలుగు నెలలుగా నేను చెప్తున్నది అదేనండీ. దిగేటప్పుడు స్కూటర్‌లాగా మొత్తం మూసేస్తున్నారు. అప్పుడు ప్రొపెల్లర్ లాగడం మానేసి గాలికి అడ్డుపడుతుంది. తేలిక బండి, వేగం వెంటనే పడిపోతుంది. తోక మీదికి గాలీ తగ్గుతుంది. ఇంక కర్ర లాగి ఏం లాభం?"

"చెప్పిండ్రు సార్. నాకు కనబడలే."

కెప్టెన్ గారు తానే పక్కన కూర్చుని ఇంకొక్కసారి ఎగరనిచ్చారు. ఈసారి సేఠ్ థ్రాటిల్ మొత్తం మూయకుండా, ముక్కు కాస్త దించి వేగం నిలుపుకుంటూ వచ్చాడు. చక్రాలు నేలను తాకేదాకా ఇంజన్ చప్పుడు సన్నగా వినిపిస్తూనే ఉంది. నేను వంగి అడుగున చూశాను. ఒక్క కుట్టూ తెగలేదు.

"రేపు ఆరింటికల్లా వచ్చేయండి," అన్నారు కెప్టెన్ గారు.

ఆ దుకాణం ఇప్పుడు లేదు. ఆ ఇంజన్ల చప్పుడు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది. అటు తర్వాత కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లల్లో ఎవరికైనా రెండుసార్లు చెప్పినా రాకపోతే, మూడోసారి చెప్పడం మానేసి, పక్కన కూర్చోబెట్టుకుని కుట్టి చూపించాను.