ఏ వరసన ఏడవాలి

మా పాటల టీచర్‌గారు పోయారు. ఆదివారం పొద్దున షాంటిలీలో సరుకుల కొట్టులో కరివేపాకు ఏరుకుంటుంటే ఆమె కూతురు శాన్ రామన్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మ పోయింది అక్కా. నిద్రలోనే. నైబర్ చూసి కాల్ చేసింది," అంది. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడితే తడబడుతుంది. ఆ మాట మాత్రం తడబడకుండా చెప్పింది.

నేను ఇల్లు చేరేలోపే మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చేసింది. ఒకదాని కింద ఒకటి దణ్ణాల బొమ్మలు. చివర ఎవరో అడిగారు: "పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?" వెంటనే జవాబు: "వద్దు. ఆవిడ సంగతి తెలుసుగా." 

ఆవిడ సంగతి మీకు చెప్పాలి. ఒకప్పుడు నేనూ ఆ మాటే అనుకున్నదాన్ని.

టీచర్‌గారిది తెలంగాణ. భర్త పోయాక ఒంటరిగా ఉండేవారు. శనివారాలు బేస్‌మెంట్‌లో జంపఖానా పరిచి మా పిల్లలకు పెళ్ళిపాటలు, జోలపాటలు, నాట్లేసేటప్పటి పాటలు నేర్పేవారు. హార్మోనియం లేదు. "పెట్టె ఉంటే నోరు సోమరిదైతది" అనేవారు. తొడ మీద చేత్తో తాళం వేసుకోవడం, మధ్యమధ్య స్టీలు గ్లాసులో వేణ్ణీళ్ళు తాగడం, అంతే. ఏ పాటైనా మొదలెట్టే ముందు ఒకటే ప్రశ్న: "ఇది ఎవరు ఎవరికి పాడుతున్నరు? ముందు వరస తెల్వాలె. అది తెల్వకుంటే ఈ వరస రాదు." రాగానికీ చుట్టరికానికీ మనకున్నది ఒకే మాట అని నాకు మొదటిసారి తట్టింది అప్పుడే. పెద్దవాళ్ళందరూ ఆంటీలూ అంకుల్సే అయిన మా పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, నువ్వు వదినవు, నువ్వు ఆడబిడ్డవు అని పంచి, ఒకరినొకరు ఎగతాళి చేసుకునే పాట పాడించేవారు. మా అమ్మాయి ఇంటికొచ్చి, "ఆడబిడ్డకి ఎందుకు అంత కోపం మమ్మీ?" అని అడిగేది. నా ఆడబిడ్డ గురించి నేను ఎన్నడూ అంత ఆలోచించలేదు.

ఒక శనివారం ఓ పిల్ల అడిగింది: "ఆంటీ, ఎవరైనా చనిపోతే ఏ పాట పాడతారు?" తాళం వేస్తున్న చెయ్యి ఆగిపోయింది. "వాటిని శోకాలు అంటరు. అది నేర్పను బిడ్డా. నేర్చిన పాట నోట్ల ఊకుండదు. పాడేటందుకు జాగ ఎతుక్కుంటది." పిల్లలు నవ్వలేదు. పెద్దవాళ్ళం మేము కూడా ఎందుకో ఎవరి బిడ్డను వాళ్ళం దగ్గరికి లాక్కున్నాం.

ఆ పాట జాగా వెతుక్కోవడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆకులు రాలే రోజుల్లో, మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఒక అమ్మాయి కారు ప్రమాదంలో పోయింది. శవాన్ని ఇండియా పంపే ముందు ఒక మధ్యాహ్నం ఫ్యూనరల్ హోంలో చూడనిచ్చారు. కార్పెట్ వేసిన గది, టిష్యూల డబ్బా, గుసగుసలు. ఏడవొచ్చో లేదో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. ముగ్గురు రూమ్మేట్లలో ఒకమ్మాయి వీడియో కాల్‌లో ఆ పిల్ల తల్లికి చూపిస్తోంది. ఆ తల్లి ఏడవడం లేదు. రెప్ప వెయ్యడం లేదు. "మా పిల్ల కాదది. మా పిల్లను పిలువుండ్రి," అంది మామూలుగా, ఎవరినో ఫోన్ దగ్గరికి పిలవమన్నట్టు. 

టీచర్‌గారు ఆ ఫోన్ వంకే చూస్తున్నారు. రూమ్మేట్ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగారు: "ఈ పిల్లకు నేను ఏమీ గాను. ఏ వరసన ఏడ్వాలె?"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "ఆంటీ?"

"తల్లి ఉన్నది. తల్లి జాగ నాకొద్దు. మేనత్తనైత." చెప్పులు విడిచి, ఆ పిల్లను పడుకోబెట్టిన పెట్టె అంచు మీద చెయ్యి వేసి శోకం ఎత్తుకున్నారు.

"బువ్వ సల్లారవట్టె బిడ్డా, లేచి రాకపోతివి,
మేనత్త వాకిట్ల నిలవడె బిడ్డా, పలకరియ్యకపోతివి,
ఇంత దూరపు తొవ్వ బిడ్డా, నీకు ఎవరు జూపిరి..."

అది పాట కాదు, ఉత్త ఏడుపూ కాదు. ప్రతి మాట చివర గొంతు పైకి లేచి, విరిగి, కిందికి జారేది. కోటు వేసుకున్న ఉద్యోగి ఒకాయన తలుపు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాడు. మావాళ్ళు కొందరు బయటికి వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళేదాన్నే, కాళ్ళు రాలేదు.

అప్పుడు ఫోన్‌లోంచి వినిపించింది. "తొవ్వ నేనే జూపితినే వదినా... నా చేతులార నేనే తోలితినే..."

పేరైనా తెలియని మనిషిని ఆ తల్లి వదినా అని పిలిచింది. బిడ్డకు మేనత్త అయితే తల్లికి వదినే కదా. ఇక్కడ ఒకరు, అక్కడ ఒకరు మాట అందుకుంటూ ఏడ్చారు. అది చూసి ఆ రూమ్మేట్లు ముగ్గురూ మొదటిసారి నేల మీద కూలబడి ఏడ్చారు.

ఆ నెల తిరక్కుండానే మావాళ్ళలో ఒకరింట్లో, పిల్లల్ని చూడడానికి వచ్చిన పెద్దాయన పోయారు. ఆ శోకానికీ ఈ చావుకీ ఎవరో ముడిపెట్టారు. బేస్‌మెంట్‌లో పన్నెండు మంది పిల్లలు నలుగురయ్యారు. పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ పాడమని ఆమెను పిలవడం మానేశారు. నేనప్పుడు కడుపుతో ఉన్నాను. "శోకాలు పెట్టే మనిషి నీడ కూడా పడకూడదమ్మా," అన్నారు మా అత్తగారు ఫోన్‌లో. నేను ఇంజనీరునే. అయినా కడుపు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చుని, "ఈసారి పాపకి సాకర్ క్లాసులున్నాయండీ," అని మెసేజ్ పెట్టాను. "మంచిది బిడ్డా, ఆడుకోనియ్యి," అని వచ్చింది.

ఏడో నెలలో రక్తం కనబడింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని మొదట ఆమెనే తలుచుకున్నాను, కోపంగా. తరవాత తోచింది: ఆమెను దూరంగానే పెట్టాను కదా, మరి ఇది ఏ దారిన వచ్చింది? అయినా భయం మాత్రం ఎక్కడికీ పోలేదు.

బాబు క్షేమంగా పుట్టిన మూడో వారం ఆమె వచ్చారు. బెల్ కొట్టి, మెట్లు దిగి, డ్రైవ్‌వేలో నిలబడ్డారు. లోపలికి రమ్మన్నాను.

"రాను బిడ్డా. నీ మనసుల ఏమున్నదో నాకు ఎర్కనే. తప్పేం లేదు, తల్లివి," అన్నారు. "మా అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడనే ఉన్న. ఫోన్ల జెప్పిండ్రు. పక్కింటి అమెరికా ఆమె రొట్టె జేసుకొచ్చి సారీ అన్నది. మంచిదామె. కానీ నా ఎంబడి ఏడ్చెటోళ్ళు లేకుండె. ఏడాది దాకా నా నోట పాట రాలే. ఆ తల్లి కండ్లు జూస్తే గదే యాదికొచ్చింది," అన్నారు.

బాబుని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాను.

"చావును పాట తీసుకరాదు బిడ్డా. ఏడ్వని దుఃఖమే ఇంట్ల కూసుంటది, పోదు."

అక్కడే నిలబడి మనవడా అని పిలిచి మా బాబుకి జోల పాడారు. నేను గుమ్మం లోపల, ఆమె బయట. రమ్మని ఇంకోసారి అనొచ్చు. అనలేదు. ఆ పాట అయ్యాక ఆమె వెళ్ళిపోయారు. మళ్ళీ నేను వాళ్ళింటికి వెళ్ళలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూనే ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె అంత్యక్రియలు. మబ్బు పట్టి ఉంది. ఫ్యూనరల్ హోం లోపలికి వచ్చింది పదిమందే. మిగతావాళ్ళు వచ్చారు కాని కార్లు దిగలేదు. పంతులుగారు అరగంటలో ముగించారు. పెట్టెను బయటికి తెచ్చి బండిలోకి ఎక్కిస్తుంటే కూతురు "వన్ మినిట్ ప్లీజ్" అని ఆపింది.

"అక్కా, అమ్మ పాడేది కదా ఆ పాట. నీకు వచ్చా?"

"రాదమ్మా. ఎవరికీ నేర్పలేదు."

"నాకు కూడా." పెట్టె మీద చెయ్యి వేసింది. "అమ్మా, మండే నువ్వు కాల్ చేసినావ్. నేను బిజీ అన్నాను. నేను బిజీ లేను అమ్మా. ఊరికే అన్నాను. నువ్వు ఇంకా ఒకసారి కాల్ చెయ్యి అమ్మా..." ప్రతి మాట చివరా గొంతు పైకి లేచింది, విరిగింది, జారింది. ఎవరూ నేర్పలేదు.

నేను వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డాను. "నేనూ అబద్ధం చెప్పానే అత్తా, వాకిట్లోంచే పంపానే అత్తా," అన్నాను. ఆ పిలుపు నా నోటికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఇద్దరం అలా ఎంతసేపు ఏడ్చామో కూడా తెలియదు. బండి డ్రైవర్ టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు.

తలెత్తి చూస్తే పార్కింగ్ లాట్‌లో కార్లు అలాగే ఉన్నాయి. ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. కాని ఆ చలిగాలిలో కార్ల అద్దాలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి, బెత్తెడు, ఇంకో బెత్తెడు.