వీధిపోటుకు ఎదురుగా నిలబడ్డ ఆంటీ

ఆంటీ పోయిందన్న సంగతి నాకు మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ళ కాలనీ, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆస్పత్రిలో పక్కనే ఉన్న కూతురు నాకు ఫోన్ చేసేలోపే, ఎవరు చెప్పారో ఏమో, మా తెలుగు సంఘం అధ్యక్షుడు దీపం బొమ్మ ఒకటి పెట్టి, "మనందరికీ ఆత్మీయురాలు, పెద్దదిక్కు అయిన ఆంటీ గారు ఇక లేరు" అని ప్రకటించేశాడు. దాని కింద జోడించిన చేతులు వరసగా పడ్డాయి. పోయిన వేసవిలో ఏ గ్రూపులోంచి ఆవిడను తీసేశారో ఆ గ్రూపులోనే. తీసేసింది కూడా ఆ అధ్యక్షుడే. ఆ చేతులు చూసే భాగ్యం ఆవిడకు లేదు. బతికున్నా ఉండేది కాదు.

మధ్యాహ్నానికల్లా సంతాపసభకు సమోసాలు ఎవరు తెస్తారన్న చర్చ మొదలైంది. సాయంత్రానికి చెత్తబండి ఏ రోజు వస్తుందన్న చర్చలో ఆవిడ వార్త పైకి జరిగి కనబడకుండా పోయింది. వీళ్ళ గురించి నేను మర్యాదగా రాయలేను. వీళ్ళను వదిలేసి ఆవిడ గురించి రాయడమూ కుదరదు.

న్యూజెర్సీలో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఇంట్లో బేస్‌మెంట్ గది అద్దెకు తీసుకున్నాను. అంకుల్ అప్పటికే లేరు. కూతురు వేరే రాష్ట్రంలో ఉండేది. ఆంటీ నల్గొండ వైపు మనిషి. హైదరాబాదులో సివిల్ చదివి, ఇక్కడికొచ్చి, ఉద్యోగమంతా వంతెనల దగ్గరే చేసి రిటైరైంది. నేను సామాను దింపుతున్న రోజున నా సూట్‌కేసులోంచి కరపత్రాలు జారి మెట్ల మీద పడ్డాయి. అద్దెదారుల హక్కులు, గోదాముల కూలీల గంటలు, నడిచేవాళ్ళ భద్రత. రైల్వే స్టేషన్ దగ్గరా లైబ్రరీలోనూ ఎవరు ఏం ఇచ్చినా తెచ్చుకుని చదవడం నా అలవాటు. అందరూ వీసా కాగితం ఐ-ట్వంటీ దాచుకునే ఫైలులో నేను వాటిని కూడా దాచుకుంటాను.

ఆవిడ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి చదువుతవా, పంచుతవా?"

"చదువుతానండీ."

"మంచిది. పంచేటోళ్ళు చదవరు."

ఆ రోజు నుంచి నా పేరు కరపత్రం. "ఏంరా కరపత్రం, అన్నం తిన్నవా?" అని మెట్ల మీంచి కేకేసేది.

ఆవిడతో కారులో ఎక్కడికి వెళ్ళినా ఆలస్యమయ్యేది. ఏదైనా పాత వంతెన కిందనుంచి దారి ఉంటే పక్కకు ఆపి, దిగి, తల పైకెత్తి నిలబడేది. "పైనుంచి చూసి బాగుందనకు. కింద చూడు. నీళ్ళు ఎక్కడ కారుతున్నయో అక్కడ్నే రోగం" అనేది. డిక్కీలో చిన్న సుత్తి ఉండేది. కాంక్రీటు మీద దాంతో కొట్టి చెవి పెట్టేది. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, లోపల పొర విడిపోయినచోట డొల్లగా పలుకుతుంది. సంఘం వాళ్ళ పండగ సభల్లో ఎవరైనా మైకు పట్టుకుని మన సంస్కృతి, మన విలువలు అనగానే, ఆవిడ కుర్చీ చెయ్యి మీద వేలితో ఒకసారి కొట్టి, నాకు మాత్రమే వినబడేలా "డొల్ల" అనేది. నేను చిన్నప్పటి నుంచీ కోపిష్టినే. కానీ ఎవరి మీదా అంత పొదుపుగా చిరాకు పడటం ఆవిడ దగ్గరే చూశాను.

ఇక మా వాగు మీది వంతెన. అటు ఒడ్డున విద్యార్థుల అపార్ట్‌మెంట్లు, ఇటు ఒడ్డున ఇండియన్ స్టోరు, బస్‌స్టాపు, మా సబ్‌డివిజన్. వంతెన ఇరుకు. దానికి ముందు రోడ్డు మోచెయ్యిలా వంగుతుంది. గోదాములు వచ్చాక లారీలు పెరిగాయి. అవి ఆ మలుపు తిరగాలంటే రోడ్డు మొత్తం కావాలి. వంతెన బరువు మోయలేదని పెట్టిన బోర్డును లారీలు లెక్కచేయవు, ఫైరింజను మాత్రం చుట్టూ తిరిగి వస్తుంది. ఫుట్‌పాత్ అన్న మాటే లేదు. కార్లు లేని పిల్లలు సరుకుల సంచులతో పిట్టగోడకు అతుక్కుని దాటుతారు. నాతో చదివే అమ్మాయి ఒకతె అలా దాటుతుంటే లారీ అద్దం తగిలి భుజం ఎముక విరిగింది. సంఘం వాళ్ళు గ్రూపులో "గెట్ వెల్ సూన్" అని పెట్టి, ఆ మర్నాడు "స్టూడెంట్స్ దయచేసి చీకటి పడ్డాక నడవకండి" అని హితవు చెప్పారు. ఆ అమ్మాయికి దెబ్బ తగిలింది పట్టపగలు.

చివరికి కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా ప్రభుత్వం, కదిలింది. రెండు ప్లాన్లు తయారుచేసింది. మొదటి దాంట్లో వంతెన ఉన్నచోటే ఉంటుంది, మలుపూ ఉంటుంది, కాస్త వెడల్పవుతుంది, ఫుట్‌పాత్‌కు చోటు మిగలదు. రెండో దాంట్లో వంతెన కాస్త పక్కకు జరుగుతుంది, రోడ్డు తిన్నగా వస్తుంది, పక్కన ఫుట్‌పాత్ వస్తుంది. ఏది మంచిదో పసిపిల్లవాడైనా చెబుతాడు. మా వాళ్ళు పసిపిల్లలు కారు కదా, పెద్ద పెద్ద కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు.

అధ్యక్షుడి ఇంట్లో, సినిమాలు చూసే గదిలో మీటింగు పెట్టారు. ఆంటీ నన్నూ తీసుకెళ్ళింది. రెండో ప్లాను పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, స్కేలు పెట్టి, వంతెన మీంచి వచ్చే రోడ్డును సబ్‌డివిజన్ లోపలి దాకా గీత గీశారు. గీత వచ్చి ఆంటీ ఇంటికీ అధ్యక్షుడి ఇంటికీ మధ్య గుచ్చుకుంది.

"వీధిపోటు!" అన్నాడొకాయన, పామును చూసినట్టు.

"ఇంటికెదురుగా రోడ్డు పొడుచుకొస్తే ఇంకేముంది. రేపు అమ్ముదామంటే మనవాళ్ళెవరైనా కొంటారా?" అన్నాడు అధ్యక్షుడు.

"మీకు కాదు సార్, గీత కొంచెం ఆంటీ గారి వైపే ఉంది" అని ఇంకొకాయన ఫోనులో దిక్సూచి తెరిచి ఓదార్చాడు. ఇంకో ఇద్దరు వాళ్ళ వాళ్ళ ఫోన్లు తీశారు. మూడు ఫోన్లూ మూడు దిక్కులు చూపించాయి.

"మేడమ్, మీకోసమే మేం బాధపడుతున్నాం" అన్నాడు అధ్యక్షుడు ఆంటీ వైపు తిరిగి.

"నా ఇంటికి పోటైతే నాకు నొప్పి కావాలె. మీరెందుకు మూలుగుతున్నరు?" అంది ఆవిడ.

అక్కడే నిర్ణయమైపోయింది. వాస్తు సంగతి ఎక్కడా ఎత్తకూడదు, తెల్లవాళ్ళు నవ్వుతారు. పర్యావరణం అనాలి, పరిసరాల స్వభావం అనాలి. ఇక ఆ వంతెన మీద ఏనాడూ కాలు పెట్టని పాతకాపు అమెరికన్లు దాని చారిత్రక సౌందర్యం అంటూ ఎలాగూ వస్తారు. వాళ్ళతో కలవాలి.

బడి జిమ్‌లో బహిరంగ విచారణ జరిగింది. మావాళ్ళు ఒక్కొక్కరే టై కట్టుకుని లేచి వాగులో కప్పల గురించి మాట్లాడారు. కప్పలంటే వాళ్ళకు అంత ప్రేమ ఉందని వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు. విరిగిన భుజం గురించి ఒక్కరూ అనలేదు. నా ఒళ్ళు మండిపోతోంది. లేవబోతే ఆంటీ నా చొక్కా పట్టి కూర్చోబెట్టి తను లేచింది.

ఇంగ్లీషులో తాపీగా చెప్పింది. వీళ్ళ అసలు బాధ కప్పలు కాదనీ, మా వైపు ఒక నమ్మకం ఉందనీ, రోడ్డు తిన్నగా వచ్చి ఇంటిని పొడిస్తే ఆ ఇంటికి కీడంటారనీ, ఆ పోటు తగిలేది తన ఇంటికేననీ, తనకు రెండో ప్లానే కావాలనీ. కౌంటీ తరఫున వచ్చిన ఇంజనీరు కుర్రది. నవ్వలేదు. "దానికి మీలో విరుగుడు ఏమైనా ఉందా?" అని అడిగింది. "ఉంది, ఎత్తుగా మట్టికట్ట వేసి చెట్లు పెట్టండి. రాత్రిళ్ళు హెడ్‌లైట్లు పడకగదిలో పడవు" అంది ఆంటీ. ఆ పిల్ల డ్రాయింగ్ మీద అక్కడికక్కడే గీసుకుంది.

పార్కింగులో అధ్యక్షుడు అడ్డం వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"తెల్లవాళ్ళ ముందు మన పరువు తీసేశారు మేడమ్!"

"పరువును తీసుకపోయి కప్పల కింద దాచిపెట్టింది మీరు. నేను బయటికి తీసిన, అంతే."

మేం ఇల్లు చేరేలోపు ఆవిడ గ్రూపులో లేదు.

నాకు మాత్రం వేరే కోపం. దారిలోనే అడిగేశాను. మూఢనమ్మకానికి మట్టికట్ట వేయించడమేమిటి, వాళ్ళకు లొంగిపోవడం కాదా అని.

"లొంగుడేందిరా. తిన్నగ వచ్చే రోడ్డుకు ఎదురుగ ఇల్లుంటే, బ్రేకు పడని లారీ యాడికి పోతది? ఎప్పుడో ఎవరో తాత అది చూసి చెప్పిండు. వీళ్ళు దాన్ని ఇల్లమ్మే లెక్క చేసిన్రు. తాత మీద ఎందుకు కోపం?"

నా కరపత్రాల్లో ఇలాంటి మాట లేదు. ఇప్పటికీ అది పూర్తిగా మింగుడు పడలేదు. కానీ అధ్యక్షుణ్ణి అసహ్యించుకుంటూనే తాతను వదిలేయడం ఒకటుందని ఆ రోజు తెలిసింది.

చలికాలంలో ఆవిడకు జబ్బు చేసింది. అంబులెన్సు చుట్టూ తిరిగి రావడం వల్ల పోయిందని రాస్తే కథ బాగుండేది. కాదు. నెమ్మదిగా, మందులకు లొంగకుండా పోయింది. ఆస్పత్రిలో ఉండగానే రెండో ప్లాను ఖాయమైంది. కొత్త డ్రాయింగ్ ప్రింటు తీసి మంచం మీద ఆవిడ ముందు పరిచాను. పండగ చేసుకుందామనుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో ఫుట్‌పాత్ వెంబడి నడిచినట్టు నడిచి, వంతెన చివర ఆగింది.

"ఈడ ఎందుకు అయిపోయింది?"

చూస్తే నిజమే. ఫుట్‌పాత్ వంతెనతోపాటే ఆగిపోయింది. అక్కడి నుంచి బస్‌స్టాపు దాకా అంతా గడ్డి. వంతెన కౌంటీది, గడ్డి ఊరి టౌన్‌షిప్‌ది. మధ్యలో నడిచే మనిషి ఎవరిదీ కాదు. కోట్ల మంది కార్లు నడిపే దేశం కాళ్ళున్న మనిషిని వాగు దాటించి, సరిగ్గా లారీల ముందు వదిలిపెట్టి, చేతులు దులుపుకుంటోంది.

"ఆఖరు మీటింగు ఉంది కదా. నువ్వు అడుగు" అంది.

ఈ మాట బయటికి తెలిసి అధ్యక్షుడు స్వయంగా స్టోరులో నన్ను పట్టుకున్నాడు. "బాబూ, స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. గవర్నమెంటుతో నీకెందుకు? స్టేటస్ చూసుకో. మీ అంకుల్‌లా చెప్తున్నా." వీళ్ళ ప్రేమంతా ఇంతే, ఎప్పుడూ భయం రూపంలోనే వస్తుంది. భయం లేదని నేను అనను. అయినా గదికి వచ్చి పేజీలకు పేజీలు ఉపన్యాసం రాశాను. అందులో పెట్టుబడి ఉంది, వలస ఉంది, కార్ల కంపెనీల కుట్ర ఉంది, కప్పలు కూడా ఉన్నాయి.

ఆంటీ మంచం మీంచే వింది. కళ్ళు మూసుకునే వేలితో మంచం కమ్మీని కొట్టింది. ఆ చప్పుడుకి అర్థం నాకు తెలుసు.

"ఎవణ్ణన్న తిట్టినవనుకో, వాడు తిట్టు గురించి మాట్లాడి రోడ్డు సంగతి మర్చిపోతడు. అన్నీ కొట్టెయ్. బస్‌స్టాపు ఎక్కడుంది, ఫుట్‌పాత్ ఎక్కడ ఆగింది, నడిచేటోళ్ళు మధ్యల ఎగిరి పోవాల్నా? గిది అడిగి కూసో."

అదే అడిగి కూర్చున్నాను. బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన "అది ఈ ప్రాజెక్టు పరిధిలోకి రాదు" అన్నాడు, పరిధి దేవుడు గీసినట్టు. ఇంజనీరు పిల్ల మాత్రం తలొంచుకుని ఏదో రాసుకుంది. నా వెనక వరసలో, భుజం విరిగిన అమ్మాయి గట్టిగా "అవును, అది చెప్పండి" అంది. సంఘం వాళ్ళెవరూ రాలేదు. ఆ రోజు వాళ్ళకు క్రికెట్ మ్యాచ్ ఉంది.

ఆస్పత్రికి వెళ్ళి చెప్పాను.

"రాసుకుందా?"

"రాసుకుంది ఆంటీ."

"వేరే కాగితం మీద రాసిందా, డ్రాయింగ్ మీదనా?"

"డ్రాయింగ్ మీదే."

"అయితే చూస్తది" అని అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాతో వంతెన గురించి మాట్లాడలేదు. నొప్పి ఎక్కువగా ఉండేది. ఓసారి మాత్రం, "నా సంతాపసభల నువ్వు మాట్లాడకురా. నన్ను మంచిదాన్ని చేస్తవ్" అంది.

సభ క్లబ్‌హౌసులో జరిగింది. ఫోటోకు ప్లాస్టిక్ దండ. అధ్యక్షుడు కళ్ళు తుడుచుకుంటూ, మన కమ్యూనిటీకి సురక్షితమైన వంతెన తేవడానికి ఆంటీ గారూ మేమూ భుజం భుజం కలిపి పోరాడామన్నాడు. కొత్త వంతెనకు ఆవిడ పేరు పెట్టమని సంఘం తరఫున కౌంటీకి విన్నవిస్తామన్నాడు. చప్పట్లు. చావు సభలో చప్పట్లు. పక్కనున్నాయన నా మోచెయ్యి తట్టి, "నువ్వు కూడా రెండు ముక్కలు మాట్లాడు బాబూ, పాజిటివ్‌గా" అన్నాడు. ఆవిడ వద్దన్నది కాబట్టి మాట్లాడలేదు. రాయొద్దని అనలేదు కాబట్టి రాస్తున్నాను. మంచిదాన్ని చేయలేదనే అనుకుంటున్నాను. ఆవిడ నోరు మంచిది కాదు. దయ చూపించినా అందులో ఒక గిచ్చుడు ఉండేది. తెలియనివాళ్ళతో ఓపిక పట్టేది గానీ, తెలిసీ అబద్ధం ఆడేవాళ్ళతో క్షణం కూడా పట్టేది కాదు. నాకు ఈ దేశంలో దొరికిన ఒకే ఒక్క బడి ఆవిడ వంటింటి బల్ల. ఫీజు కట్టి చదివిన దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

మొన్న సాయంత్రం వాన వెలిశాక బస్సు దిగాను. గడ్డిలో కొత్తగా సర్వేవాళ్ళ కర్రమేకులు పాతి ఉన్నాయి, రెండు వరసలుగా, ఒక్కో మేకుకు నారింజరంగు రిబ్బను కట్టి. వంతెన వచ్చే చోటు నుంచి మొదలై, డ్రాయింగ్‌లో ఫుట్‌పాత్ ఆగిపోయిన చోటు దాటి, బస్‌స్టాపు స్తంభం దాకా ఉన్నాయి. నేను అక్కడే నిలబడిపోయాను. ఇండియన్ స్టోరు వైపు నుంచి ఎవరో అమ్మాయి, ఈ సెమిస్టరుకే వచ్చిందేమో, బియ్యం సంచి భుజాన వేసుకుని వచ్చింది. ఒక్క క్షణం ఆగి మేకుల వంక చూసింది. రోడ్డు అంచు వదిలేసి, చెప్పులు తడుస్తున్నా లెక్కచేయకుండా, ఇంకా పుట్టని ఆ దారిలోకి దిగి రెండు రిబ్బన్ల వరసల మధ్య నడుచుకుంటూ పోయింది. పక్కనుంచి లారీ ఒకటి వెళ్ళింది. రిబ్బన్లన్నీ ఒక్కసారిగా ఆమె వైపు ఎగిరి, మళ్ళీ నిలిచాయి.