జీవానందం గారి జోరీగ

చెవిలో జోరీగ అని అందరూ అంటారు గానీ, ఇంట్లో జోరీగతో కాపురం చేసిన మనిషి ఒరిస్సా కొండల్లోని సునాబేడ మొత్తం మీద ప్రేమలీల ఒక్కతే.

ఆవిడ టౌన్‌షిప్ డిస్పెన్సరీలో నర్సు. భర్త జీవానందం యుద్ధవిమానాల ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫొటో సెక్షన్ మనిషి. ఫొటోలంటే పెళ్లిళ్లకీ పేరంటాలకీ తీసేవి అనుకునేరు. ఆయన తీసేవి విరిగిన ఇనప ముక్కలు. ఇంజన్‌లో ఏ రెక్క చిట్లినా, ఏ బోల్టు విరిగినా దాన్ని స్పిరిట్‌తో కడిగి, తుడిచి, పక్కనుంచి దీపం పెట్టి, వెంట్రుకవాసి పగులును అరచేయంత చేసి చూపించాలి. పన్నెండేళ్లుగా అదే పని. తీసిన ప్రతి ఫొటో వెనకా రహస్యం అని ముద్ర కొట్టి ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేవారు.

ఒకనాడు బళ్లో టీచరు, మీ నాన్నగారేం చేస్తారమ్మా అని అడిగితే కూతురు ఇందుమతి, చెప్పకూడదండీ అందట. ఆ మాట విని జీవానందం అన్నం ముందునుంచి సగంలో లేచిపోయాడు.

"రేపు నేను పోతే, ఇది మా నాన్న తీసేడు అని చూపించుకోడానికి దానికి ఒక్క బొమ్మయినా ఉందేటి?" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

ప్రేమలీలకి జాలేసింది. ఆ జాలే ఆవిడ కొంప ముంచింది.

కాంట్రాక్టు అయిపోయి స్వదేశం వెళ్లిపోతూ ఒక రష్యా ఇంజనీరు తన పాత కెమెరా, దానికి బిగించుకునే మూడు రింగులూ జీవానందానికి ఇచ్చాడు. జాలి కొద్దీ ప్రేమలీల వద్దనలేదు. ఆ రింగులు బిగిస్తే ఆవగింజ కూడా గుమ్మడికాయలా కనిపిస్తుంది. పోనీ, శుభ్రంగా కొండలూ వాగులూ తీసుకోవచ్చు కదా! ఆ ఊళ్లో బయట కెమెరా ఎత్తితే సెక్యూరిటీ వాళ్లు ఊరుకోరు. కొండను తీస్తే కొండ వెనకేముందని అడుగుతారు. అందుకని ఇంట్లో కూర్చుని తీయగలిగినదేదో కావాలి. పురుగు కంట్లో ప్రభుత్వ రహస్యమేం ఉంటుంది? అలా మొదలైంది.

ముందు మిడత కన్ను తీశాడు, తరవాత తూనీగ కన్ను. ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ పక్కనుంచి దీపం పెడితే కన్ను చిల్లుల జల్లెడలా వచ్చింది. ఎదురుగా పెడితే బట్టతల మీద ఎండ పడ్డట్టు మధ్యలో తెల్లటి మచ్చ ఒక్కటే వచ్చింది. వెలుగుకీ పురుగుకీ మధ్య ఏదైనా పల్చటి గుడ్డ అడ్డం పెట్టాలని కనిపెట్టేసరికి ఏడాది పట్టింది. ఆ పల్చటి గుడ్డ ఎక్కడుంటుంది? నర్సు ఇంట్లో. ప్రేమలీల కట్టు కట్టడానికి ఇంట్లో పెట్టుకున్న గాజుగుడ్డ చుట్ట మాయమైంది. సబ్బుపెట్టెలు మాయమయ్యాయి. పంచదార డబ్బా తీస్తే అందులోంచి గొల్లభామ ఎగిరి ఆవిడ జుట్టు మీద వాలింది.

డెబ్బై తొమ్మిది వానాకాలంలో జోరీగ వచ్చింది. పాలు పోసే పైడితల్లి పశువుల పాకలో, గేదె వీపు మీద దాన్ని చూశాడు జీవానందం. దాని కన్ను ఆకుపచ్చగా ఉండి, మీద ఊదారంగు చారలున్నాయట. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబుతుంటే మనిషికి మాట తడబడింది. దసరాకి క్లబ్బులో ఉద్యోగుల చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారు. ఆయన పేరు ఇచ్చేశాడు. మద్రాసులో బావమరిదిని బతిమాలి ఒక్క కలర్ రీలు తెప్పించుకున్నాడు. అది కడగడానికి మళ్లీ మద్రాసే పంపాలి, రావడానికి ఇరవై రోజులు. అంటే ఇక ఎంతో గడువు లేదు. ఈసారి తప్పితే మళ్లీ రీలూ లేదు, ప్రదర్శనా లేదు.

పైడితల్లికి చెబితే మర్నాడే టేకాకు పొట్లంలో పదకొండు జోరీగలు తెచ్చింది. అన్నీ చితికిపోయి ఉన్నాయి.

"ఏరేరి సంపేనమ్మా. ఒక్కటీ తప్పించుకోనేదు," అంది గొప్పగా.

"ప్రాణంతో కావాలే తల్లీ!" అని నెత్తి బాదుకున్నాడు జీవానందం.

"ప్రాణంతోటేటి సేసుకుంటారు బాబూ? పెంచుకుంటారేటి?"

నాలుగు రోజులు పోయాక గాజుగ్లాసులో మూత పెట్టి ఒకటి బతికున్నది తెచ్చింది. ఆ పూట ప్రేమలీల డ్యూటీ నుంచి వచ్చేసరికి మొగుడు బల్ల ముందు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా జోరీగ వెల్లకిలా పడి ఉంది. దాని కన్ను మసిబారిన గోధుమరంగులో ఉంది.

"చారలేవండీ?"

"పోయేయి. కడిగేక పోయేయి."

"దేంతో కడిగేరు?"

"స్పిరిట్‌తో. దుమ్ముంటే బొమ్మలో గీతల్లా పడుతుంది కదేటి!"

ప్రేమలీలకి ఒళ్లు మండిపోయింది. "ఇనప ముక్కకీ ప్రాణమున్నదానికీ తేడా తెలీదేటండీ మీకు? స్పిరిట్‌లో ముంచితే మీరైనా ఇలాగే ఉంటారు!" అంది. జీవానందం వంగి, దాని కంట్లో చారల కోసం మళ్లీ వెతికాడు. అది చూసి ఆవిడకి ఇంకా మండింది.

చచ్చిన గంటకే ఆ రంగు పోతుందని తరవాత తెలిసింది. బతికున్నదేమో నిలవదు. బెల్లప్పాకం రాశాడు, దారం కట్టాడు, బంకలో కాళ్లు అంటించాడు. ఒకటి తప్పించుకుపోయి ఇందుమతి చెవి కొరికింది. ముప్ఫయ్యారు బొమ్మల రీల్లో ముప్ఫయ్యొకటి అలా తగలబడ్డాయి. ఆయనకి తిండి సయించలేదు. అర్ధరూపాయి మందుబిళ్లకి తగ్గే రోగమైతే ప్రేమలీల ఎప్పుడో తగ్గించేసేది.

ఆదివారం చర్చిలో ప్రార్థన నుంచి ప్రేమలీల వచ్చేసరికి మళ్లీ అదే వరస. గ్లాసులో జోరీగ గిరగిరా తిరుగుతోంది. మర్నాటి టపాలో రీలు వేసెయ్యాలి.

"ఒక్క నిమిషం ఆగితే చాలు ప్రేమా. ఒక్క నిమిషం," అన్నాడాయన.

"ఎందుకాగుతుంది? దానికి మీ బొమ్మతో పనేటి? గేదె మీదయితే ఎందుకాగిందీ? తాగుతోంది కాబట్టి ఆగింది!"

ఈ మాట తన నోటినుంచి వచ్చాక ప్రేమలీల ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. తరవాత కుర్చీ లాక్కుని, ఎడమచెయ్యి బల్ల మీద చాపి, గ్లాసు తీసి ముంజేతి మీద బోర్లించింది.

"బిగించండి మీ రింగులు. మళ్లీ మళ్లీ పెట్టను."

జోరీగ సూదిలా గుచ్చదు, కోస్తుంది. చీమ కుట్టినట్టుంటుందమ్మా, అంతే, అని ఎంతమంది రోగులకి అబద్ధం చెప్పిందో, ఆ పాపమంతా ప్రేమలీల ముంజేతి మీద ఒక్కసారే తీరింది. జోరీగ తాగడం మొదలెట్టి మరి కదల్లేదు. జీవానందం మెల్లగా గ్లాసు తీశాడు. ఫ్లాష్‌కి రెండు మడతల గాజుగుడ్డ కట్టి వంగాడు.

"కదలకు ప్రేమా."

"కదిలేది నేనా? తొందరగా తియ్యండి!"

అయిదు సార్లు వెలిగింది. అయిదూ అయ్యాక ఆయన రీలు తీయడానికి పరిగెత్తాడు. చేతి మీద కారుతున్న నెత్తురు ఆవిడే తుడుచుకుంది. చెయ్యి రెండు రోజులు బూరెలా పొంగింది.

దసరా ఇంకా నాలుగు రోజులుందనగా బొమ్మలు వచ్చాయి. అన్నీ పోయి ఒక్కటి నిలిచింది. పచ్చటి కన్ను, ఒక్కొక్క గడీ విడివిడిగా, వాటి మీదుగా పట్టుచీర అంచుల్లా మూడు ఊదా చారలు. ప్రేమలీల కోపమంతా మరిచిపోయింది. "దేవుడికెంత ఓపికండీ! ఈగకి కూడా ఇంత నేత నేసేడా!" అంది. నిజంగానే ఆవిడకి కళ్లు చెమ్మగిల్లాయి.

జీవానందం మాత్రం భూతద్దం తీశాడు. బొమ్మ మూలమూలా వెతికాడు. కింద అంచు దగ్గర ఆగాడు.

"ఇక్కడేదో పగులుంది," అన్నాడు ఫ్యాక్టరీ గొంతుతో.

"పగులు కాదు. అది నా చెయ్యి. కాలిన మచ్చ."

"ఎప్పుడు కాలింది?"

"డిస్పెన్సరీలో సూదులు మరగబెట్టే గిన్నె చేతి మీద పడింది. ఆరేళ్లయింది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పేను. మీరు ఊఁ అన్నారు కూడా."

ఆయన భూతద్దం కింద పెట్టాడు. ఆనక బ్లేడూ స్కేలూ తీశాడు. ఫ్యాక్టరీ ఫొటోల్లో ముక్క చుట్టూ ఏముంటే అది కోసెయ్యడం రివాజు.

"అంచు తీసేస్తాను. నీ మచ్చ పదిమందీ చూడ్డం దేనికి?"

"బ్లేడు పెట్టేరంటే మీకూ మీ ఈగలకీ రేపట్నుంచి నేను వండను," అంది ప్రేమలీల. "అలాగే పెట్టండి."

అలాగే పెట్టాడు. దసరా నాడు క్లబ్బు గోడ మీద చెక్కపనులకీ అల్లికలకీ మధ్య జోరీగ కన్ను వేలాడింది. ఇందుమతి స్నేహితురాళ్లనందరినీ లాక్కొచ్చి, ఇది మా నాన్న తీసేరు, ఇది మా నాన్న తీసేరు అని వచ్చిన వాళ్లకీ పోయిన వాళ్లకీ చెప్పింది. జనరల్ మేనేజరు గారు ఆగి చాలాసేపు చూశారు. కన్ను బాగుంది గానీ కింద ఈ మచ్చేమిటని హిందీలో అడిగారు.

ప్రేమలీల నాలుగడుగుల వెనక నిలబడి ఉంది.

జీవానందం చేతులు కట్టుకుని, ఆయనకి వచ్చిన హిందీలో చెప్పాడు. "మా ఆవిడ చెయ్యి సార్. పగుళ్లు వెతకడమే నా ఉద్యోగం. ఇది ఆరేళ్లుగా మా ఇంట్లోనే ఉంది. నాకు కనిపించలేదు. తప్పు నాదే సార్."

మేనేజరు గారు తల ఊపి ముందుకి సాగిపోయారు. ప్రేమలీల చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆవిడకి ఏడుపూ వచ్చింది, చెప్పలేనంత కోపమూ వచ్చింది. ముక్కూ ముఖం తెలీని దొరగారికి, అందులోనూ హిందీలో, చెప్పుకున్న ఆ ఒక్క ముక్కా ఇంట్లో తనకి చెప్పడానికి ఈ మనిషి నోటికేం వచ్చిందో!