హిల్ కిందికొచ్చిన రోజు

నిన్న సాయంత్రం క్యాంపులో టేప్ రికార్డర్ ఆపి, ఇంగ్లీషువాళ్ల పేర్లకు అర్థాలుంటాయా అని అడిగాడు కొండా మల్లయ్య. ఉంటాయన్నాను. మన మేనేజరు హిల్ పేరుకు అర్థం గుట్ట, వాళ్ల తాతముత్తాతలు గుట్ట పక్కన ఉండేవాళ్లేమో, మీ ఇంటిపేరు లాంటిదేనని చెప్పాను. అతను గది గదికీ తిరిగి చెప్పాడు.

ఈ మధ్యాహ్నం రాస్ అల్ ఖైమా క్వారీలో అన్నాలు తింటుంటే పైనుంచి పఠాన్ ఫోర్‌మన్ అరిచాడు. "హిల్ నీచే ఆ రహా హై, జల్దీ ఉఠో."

తెలుగులో అయితే కిందికి వస్తున్నాడో, వస్తోందో తెలిసేది. హిందీలో మనిషికీ గుట్టకీ ఒకటే మాట. మనవాళ్లంతా కంచాలు వదిలేసి పరుగు తీశారు. జీపు దిగిన హిల్ దొర ఖాళీ క్వారీ చూసి, ఏమైందని, గుమస్తాగా అక్కడే మిగిలిన నన్నడిగాడు.

ఆ ఎండలో అందరినీ వెతికి తీసుకొచ్చేసరికి నా ప్రాణం తోకకొచ్చింది. "మనిషా, గుట్టా అని చూసుకోవద్దా మల్లయ్యా" అన్నాను.

"గుట్ట నిజంగ కూలిననాడు గూడ గట్లనే ఒర్రుతరు సారూ. నువ్వు మనిషివా, గుట్టవా అని అడుగుకుంట నిలబడాల్నా?"

వచ్చే వారం కొత్త ఇంజనీరు వస్తున్నాడట, పేరు స్టోన్. అర్థం చెప్పమంటారా, మానెయ్యమంటారా?