వెనక్కి తిరిగిన సీటు

దయ్యాల మాట ఎవరైనా నా ముందు ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. ప్రార్థన తప్ప తాయెత్తు తెలియని ఇల్లు మాది. పైగా ముప్పై ఏళ్లు ఇనుము కోసి, అతికించి బతికినవాణ్ని. టేపు పెట్టి కొలిస్తే ఎంత ఉందో అంతే చూపిస్తుంది. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే చిరాకు. ఏం చేయను, కొలతలు నేనే తీసుకున్నాను మరి.

ప్రొద్దుటూరులో నాది చిన్న షాపు. రేకుల షెడ్డు, ఒక వెల్డింగ్ మిషను, ఒక గ్రైండరు. బండికి ఎవరికి ఏ మార్పు కావాలంటే అది చేసేవాణ్ని. పాల క్యాన్లు తగిలించే కడ్డీలు, కాలు లేనివాళ్లకు మూడో చక్రం, చీనీకాయల గంపలు పెట్టే ఫ్రేములు. సీట్లు కుట్టే పని పక్క షాపు మస్తాన్‌ది.

పార్టీలు గట్టిగా నడుస్తున్న రోజులవి. పార్టీ అంటే మా వైపు జెండా సంగతి కాదు, నువ్వు ఎవరి మనిషివి, ఎవరితో నీకు పగ అనే సంగతి. అప్పుడు జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి ఓబులేసు అనే రైతు వచ్చి, అంతకుముందు ఎవరూ అడగని పని అడిగాడు. తన మోటారు సైకిలు వెనక సీటును వెనక్కి తిప్పి బిగించాలట. తను నడుపుతుంటే, మేనత్త కొడుకు సుంకన్న వీపుకు వీపు ఆనించి కూర్చుని వెనకాల ఎవరొస్తున్నారో చూస్తూ ఉండాలి.

చేసిచ్చాను. రెండు వీపుల మధ్యలో ఒక పట్టీ, కాళ్లు పెట్టుకోవడానికి వెనక రెండు కడ్డీలు. ఆరేళ్లు అలాగే తిరిగారు. ఆ సీటును బట్టి ఆ బండిని జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో, పులివెందులలో కూడా గుర్తుపట్టేవాళ్లు. సుంకన్న భారీ మనిషి, ఎక్కితే బండి వెనక భాగం కిందికి దిగేది. వాళ్లు మా షాపు దాటిపోయిన తరువాత ఆయన ముఖం మాకు కనబడేది. సందు తిరిగేదాకా మమ్మల్నే చూస్తూ చెయ్యి ఊపేవాడు.

ఒకసారి కాళ్లు పెట్టే కడ్డీకి వెల్డింగ్ పగిలిందన్నారు. మంగళవారం తీసుకురండి అన్నాను. ఆ రోజు ఓబులేసుకు జ్వరం. సుంకన్న ఒక్కడే బండి నడుపుకుంటూ బయలుదేరాడు. అవతలి పార్టీవాళ్లు వెనక నుంచి జీపులో వచ్చి నరికి చంపారు. బండి కంపచెట్లలో పడింది, హెడ్‌లైటు తప్ప ఏమీ పోలేదు. ఆరేళ్లు ఇంకొకరి వీపు కాసిన మనిషికి ఆ రోజు వీపు కాసేవాడు లేడు. మంగళవారం రమ్మన్నది నేనే, ఆ మాట ఇప్పటికీ నన్ను తినేస్తూనే ఉంది.

బండి చాలాకాలం పోలీసు స్టేషన్‌లో ఎండకు ఎండి, వానకు తడిసి, చివరకు ఓబులేసు చేతికి వచ్చింది. అప్పటికి రెండు వైపులా అలిసిపోయారు. పులివెందులలో ఒక పెద్దమనిషి ఇంట్లో రాజీకి గురువారం రమ్మన్నారు. ఆ పెద్దమనిషి ఒక షరతు పెట్టాడు. ఓబులేసు ఆ బండి మీదే రావాలి, సీటు ముందుకు తిప్పించి, భార్యను అందరిలాగా వెనక కూర్చోబెట్టుకుని రావాలి. దారి పొడుగునా జనం చూడాలి, ఇక వీళ్లు వెనక్కి చూడటం లేదని. బస్సులో వస్తే అవతలివాళ్లు మనసు మారిందనుకుంటారు. రాజీ చెడితే తరువాత ఎవరి ఇంటి ముందు ఏడుపు వినబడుతుందో చెప్పలేం.

ఆదివారం సాయంత్రం బండి నా దగ్గర దించి పోయాడు. సోమవారం పొద్దున పాత సీటు ఫ్రేము కోసేసి, తిన్నని ఫ్రేము వెల్డింగ్ చేశాను. మధ్యాహ్నానికి మస్తాన్ సీటు కుట్టి ఇచ్చాడు. అక్కడికి పని అయిపోవాలి.

స్టాండు తీసి చూస్తే బండి వెనక భాగం కిందికి కూర్చుని ఉంది. వెనక ఇరుసు నుంచి మడ్‌గార్డు అంచు దాకా పదమూడు అంగుళాలు ఉండాలి. పదకొండున్నర ఉంది. బండి మీద ఎవరూ లేరు. నేనూ మస్తానూ ఎక్కి చూశాం. టైరు మడ్‌గార్డుకు రాసుకుని కాలిన వాసన వచ్చింది. ఇద్దరితో ఈ బండి పులివెందుల దాకా పోయే మాటే లేదు.

షాకబ్జర్ల స్ప్రింగులు చచ్చుంటాయనుకున్నాను. కొత్తవి తెచ్చి వేశాను. పదకొండున్నర. అంగడివాడు నాసిరకం అంటగట్టాడని పోయి వాడితో గొడవపడ్డాను. వాడు నా ముందే వేరే బండికి అవే బిగించి చూపించాడు, బ్రహ్మాండంగా నిలబడింది. మంగళవారం నా సొంత బండివి విప్పి దీనికి వేశాను. పదకొండున్నర. ఫ్రేము వంగిందేమోనని దారం కట్టి చూశాను, నిటారుగా ఉంది. స్టాండు వేసినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. స్టాండు తీయగానే, ఎవరో ఎక్కినట్టు, మెల్లగా దిగుతుంది.

నాకు పిచ్చెక్కింది. అన్నం సహించలేదు. ఇంట్లో ఆడదాని మీద అరిచాను, ఆమె పాస్టరును పిలిపిద్దామంటే ఇంకా అరిచాను. మస్తాన్ రెండు రోజులు చూసి చూసి, సూది పక్కన పెట్టి మెల్లగా అన్నాడు.

"అన్నా, దీని మింద ఎవురో కూసోనుండారు. మనకు కనపడల్యా, అంతే."

నీ కుట్టు పని నువ్వు చూసుకో అని కసిరాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం ఓబులేసు వచ్చాడు. నా విసుగంతా ఆయన మీద కక్కాను. ఈ బండిని పాత ఇనుముకు వేసుకో, నా వల్ల కాదు అన్నాను. టేపు పెట్టి పదకొండున్నర చూపించాను. ఆయన టేపు వంక చూడలేదు. కొత్త సీటు మీద చెయ్యి పెట్టి చూశాడు.

తరువాత వెనక సీటు మీద ఎక్కి కూర్చున్నాడు. ముందుకు కాదు, వెనక్కి తిరిగి. సుంకన్న కూర్చునే తీరులో, వీపు హ్యాండిల్ వైపు పెట్టి, చూపు రోడ్డు మీద పెట్టి, కాళ్లు మాత్రం నేలకు ఆనించి. పట్టపగలు, ఎదురుగా టీ అంగట్లో జనం చూస్తున్నారు.

"బావా, ముందరికొచ్చి కూసో," అన్నాడు. "ఇన్నేండ్లు నువ్వే చూస్తివి. ఇంక ఎనక నేను చూస్తాంటాలే."

నేను బండి ముందు టేపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏ మెకానిక్‌నైనా అడగండి, వెనక బరువు పడితే బండి ముందు భాగం కాస్త లేవాలి. దిగకూడదు. నా కళ్లెదుటే ముందు చక్రం ఫోర్కు దిగింది. మెరిసే గొట్టం రెండు వేళ్ల మందం లోపలికి పోయింది, నడిపేవాడు సీటు మీదికి ఎక్కినప్పుడు పోయినట్టే. హ్యాండిల్ మీద ఎవరి చెయ్యీ లేదు. మస్తాన్ కూడా చూశాడు. ఇప్పుడు అడిగినా అదే చెబుతాడు.

ఓబులేసుకు అది కనబడలేదు. ఆయన చూపు వెనక్కే ఉంది. అలాగే కూర్చుని తనివితీరా ఏడ్చి, కండువాతో ముఖం తుడుచుకుని దిగాడు. ఆయన దిగగానే ఫోర్కు కూడా లేచింది. వెనక కొలిచాను. పదమూడు. నమ్మకం లేక మూడుసార్లు కొలిచాను. పదమూడే.

మరుసటి రోజు ఆయన భార్యను వెనక కూర్చోబెట్టుకుని పులివెందుల పోయాడు. రాజీ అయింది. టైరు ఎక్కడా రాసుకోలేదట.

ఇన్నేళ్లలో దీనికి కారణం ఎంతోమంది చెప్పారు. స్ప్రింగు పట్టేసిందన్నారు, బుష్‌లు బిగుసుకున్నాయన్నారు. అవన్నీ నాకు తోచవా? అవన్నీ విప్పి చూసినవాణ్ని నేనే కదా. నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని ఈ రోజుకూ అనను.

కానీ ఒకవేళ మస్తాన్ చెప్పిందే నిజమైతే, సుంకన్న మూడు రోజులు నా షాపులో కూర్చుని ఉన్నాడు. మంగళవారం రమ్మన్నది నేనే, తప్పయిపోయింది అని ఒక్క మాట అనడానికి నాకు మూడు రోజులు దొరికాయి. ఆ మూడు రోజులూ నేను తిట్టుకుంటూ స్ప్రింగులు మార్చాను.