బావ బంతికి నేను అడ్డం పడిన రోజు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, తనకు రాని పనంటూ లోకంలో ఒకటి ఉంటుందని మనిషికి తోచదు. కండ్లకోయలోని ఆఫీసులో నేను చేరి ఏడాది కూడా కాలేదు. ఆదివారం కూరగాయలకు వెళ్లినా మెడలో ఐడీ కార్డు ఉండాల్సిందే (నవ్వకండి, మీరూ వెళ్లే ఉంటారు). అలాంటి సమయంలో మా బావ, "బామ్మర్దీ, శామీర్‌పేట దిక్కు గోల్ఫ్ క్లబ్బుల జోడీల పోటీ ఉన్నది. నా జోడీ నువ్వే" అన్నాడు. బావ వెంట వెళ్లి కొన్ని ఆదివారాలు కర్ర ఊపిన అనుభవం తప్ప నాకేమీ లేదు. అయినా, అదెంత పని అన్నాను.

బావకు దూలపల్లిలో అట్టపెట్టెలు చేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. ఈ ఆట పిచ్చి ఎవరో కస్టమర్ అంటించాడు. ఆదివారం తెల్లారకముందే మొగుడు మాయమైపోతుంటే అక్కకు ఎలా గిట్టుతుంది? పోటీ ముందురోజు తేల్చి చెప్పేసింది. "రేపు గెలిస్తే ఆడుకో. గెలువకుంటే గా కర్రల సంచి సజ్జ మీదికెక్కుతది. మళ్ల దించేది లేదు." బావకు ఆ పూట అన్నం సయించలేదు. ఫలితం కళ్లారా చూస్తానని పొద్దున్నే అక్క కూడా మాతో కారెక్కింది.

ప్రతి గుంత దగ్గరా జోడీలో ఎవరు బాగా ఆడితే వాళ్ల స్కోరే లెక్క. కాబట్టి నా ఆట ఎవరికీ అక్కర్లేకపోయింది. నా బంతులు తుమ్మచెట్లను పలకరిస్తూ పోతుంటే, బావ మాత్రం ప్రాణం పెట్టి ఆడాడు. చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి ఏమిటంటే, ఇంకొక్క దెబ్బకు బంతి గుంతలో పడితే కప్పు మాది. పడకపోతే సంచి సజ్జది. బావ బంతి పైన వాలులో ఉంది. "నువ్వు గుంతలున్న జెండా తీసి పట్టుకోని పక్కకు నిలవడు. సప్పుడు జెయ్యకు. అసలు ఏం జెయ్యకు" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చిన్నప్పుడు మా గల్లీలో క్రికెట్ ఆడేవాళ్లం. అక్క బౌలర్, నేను ఫీల్డర్. వెనకాలే మురికి కాలువ. బంతి నన్ను దాటి అందులో పడిందో, అక్క చేతిలో నా వీపు విమానం మోతే! ఆ భయం నా నరాల్లోకి ఇంకిపోయింది. బావ కొట్టిన బంతి వాలు మీంచి జరజరా దొర్లుకుంటూ నా దిక్కు రావడం కనిపించిందో లేదో, జెండా అవతల పారేసి అడ్డం పడ్డాను. రెండు చేతులా ఆపాను. అంతటితో ఊరుకున్నానా? లేచి, బావకు విసిరాను కూడా.

అవతలి జోడీలో ఒక పెద్దాయన తెరిచిన నోరు మూయలేదు. బావ చేతిలో కర్ర జారిపోయింది. అప్పుడు వినిపించింది ఒకే ఒక్క చప్పట్ల మోత. "సబ్బాష్ తమ్మీ!" అక్క! ఏం జరిగిందో మరుక్షణం తెలిసొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడ్డిలో కూలబడి నవ్వింది. ఏళ్ల తర్వాత ఆమె అలా నవ్వడం చూశాను.

రూలు ప్రకారం శిక్ష పడింది, కప్పు పోయింది. కారు మేడ్చల్ చేరుతుండగా బావ అక్క వైపు తిరిగాడు. "గా బంతి గుంతల పడుతుండెనా?" అన్నాడు.

"పడుతుండె. సీదా పోతుండె, నేను జూసిన" అంది అక్క.

"అయితే సంచి..."

"ఆపింది నా తమ్ముడు. నువ్వు ఓడినట్టెట్లయితది? వచ్చే ఐతారం నేను గూడ వస్త. గీన్ని ఇంట్ల కట్టేసి పోదాం."

వాళ్లిద్దరూ ఇప్పటికీ కలిసే వెళ్తారు. ఎప్పుడైనా నన్నూ తీసుకుపోతారు. నాకూ ఆట మర్యాద వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను, బంతి కాళ్ల ముందు నుంచే పోతున్నా కదలను. పద్ధతైన మనిషి అంటారు అందరూ. ఏమీ ఆలోచించకుండా నేల మీద పడిపోయే ఆ కుర్రవాడు ఎప్పుడు వెళ్లిపోయాడో నేను గమనించనే లేదు. ఒక్కసారి వాడొచ్చి, ఇస్త్రీ చెడని ఈ ప్యాంటుకు కాస్త గడ్డి మరక అంటించి పోతే బాగుండుననిపిస్తుంది.