నలభై ఒక్క సెకన్లు

క్యాసెట్టక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఆ రెండు గదుల ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాళ్ళకూ మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఎవరైనా ఫోను పట్టుకొచ్చి, "ఈ వీడియో మా మరిదికి పంపాను మేడమ్, వాడు కాస్త వెలుతురు పెంచి, కింద అక్షరాలు వేసి తిరిగి పంపాడు, భలే వచ్చింది" అన్నారా, వాళ్ళ పని అయిపోయినట్టే.

"మీ మరిదికి పనీపాటా ఏం లేదా?" అంటుంది. "భలే రావడానికి ఇదేమన్నా పెళ్ళా? మనిషిని చావగొడుతుంటే తీసిన వీడియోకి సోకులెందుకండీ? ఏ ఫోనుతో తీశారో ఆ ఫోనే పట్టుకురండి. దారిలో ఎవరికీ పంపకండి. దాని పేరు కూడా మార్చకండి."

వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ముందు గదిలో కూర్చునే లాయరమ్మ వాళ్ళకు మంచినీళ్ళిచ్చి బుజ్జగిస్తుంది. లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు, కూల్చివేతల్లో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, స్టేషనుకు వెళ్ళినవాడు తిరిగి రాక ఏడ్చేవాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. వాళ్ళు తెచ్చిన వీడియోలు, కాగితాలు ఏనాటికైనా విచారణలో నిలబడేలా భద్రపరచడం వెనకగదిలోని క్యాసెట్టక్క పని. ఆ గదికి కిటికీ లేదు. ఒక ఇనుప బీరువా, అందులో నంబర్లు అంటించిన డిస్కులు, ఒక లావుపాటి పుస్తకం. ఏ వీడియో వచ్చినా మూడు కాపీలు తీస్తుంది, అందులో ఒకటి వేరే ఊళ్ళో దాస్తుంది. అసలుదాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు, తనతో సహా. తరవాత తలుపు వేసుకుని, మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా, సౌండు పూర్తిగా పెట్టుకుని చూస్తుంది. ఫోను జేబులో ఉండి చీకటి తప్ప ఏమీ కనపడకపోయినా సరే, చూస్తుంది.

ఈ పద్ధతి ఆమెకు పుట్టుకతో రాలేదు. నేర్చుకోవడానికి ఒక ఆడదాని బతుకు మూల్యమైంది.

అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆమెది పెళ్ళి వీడియోల పని. క్యాసెట్ల కాలంలో మొదలెట్టారు కనుక ఆ పేరు పడింది. భర్త తీసేవాడు, ఈమె కత్తిరించేది. ఆవులించే పెద్దాయన, అలిగిన ఆడపడుచు, కెమెరా మోస్తూ పరిగెత్తినప్పుడు పడిన నేల, జనం కాళ్ళు, అన్నీ ఎగిరిపోవలసిందే. సౌండు అసలు పెట్టేదే కాదు. చివర్లో ఎలాగూ పైన పాటలు వేస్తారు, ఆ గోలంతా వినడమెందుకు? పెళ్ళివారికి వీడియో అప్పజెప్పగానే కెమెరాలోని మెమరీ కార్డు ఖాళీ చేసి మరుసటి పెళ్ళికి సిద్ధం చేసేవాళ్ళు. అందులో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. ఆ నేర్పే కొంప ముంచింది.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక వాళ్ళ స్టూడియో మూతపడింది. ఆమె లాయరమ్మ దగ్గర చేరిన మూడోవారం అది. రోడ్డు వెడల్పు పేరుతో ఒక కాలనీ మీదికి బుల్డోజర్లు వచ్చాయి. ఇంటి ముందు అడ్డంగా నిలబడిన ఒక మనిషిని పోలీసులు వ్యాను ఎక్కించారు. మర్నాడు శవాన్ని అప్పజెప్పారు. బుల్డోజర్లు రావడానికి ముందురోజు రాత్రే డాబా మీంచి పడ్డాడని, కొనఊపిరితో ఉంటే తామే జాలిపడి ఆసుపత్రికి చేర్చామని చెప్పారు. జాలట! ఆ మనిషి తన కాళ్ళ మీద తాను నడిచి వ్యాను ఎక్కడం ఎదురుగా టీ కొట్టు బాబాయి ఫోనులో తీశాడు. ఫోనులోని కార్డు తెచ్చి క్యాసెట్టక్క చేతిలో పెట్టాడు.

ఆమె చూసింది. మొదట్లో నలభై ఒక్క సెకన్లు నేల, చెప్పులు, బురద. ఎప్పటిలాగే సౌండు లేదు. ఎప్పటిలాగే కత్తిరించింది. మిగిలిన భాగం నీటుగా డిస్కులోకి ఎక్కించి, కార్డు తుడిచేసి, "శుభ్రంగా ఖాళీ చేశాను బాబాయ్, మళ్ళీ వాడుకో" అని నవ్వుతూ తిరిగిచ్చింది.

రెండు నెలల తరవాత బాబాయి మాటల్లో అన్నాడు. "కాలనీ మీటింగులో లాయరమ్మ చెప్పినట్టే చేశాను కదమ్మా. తియ్యబోయే ముందు తారీఖు, టైము, వీధి పేరు, నా పేరు గట్టిగా చెప్పాను. చెబుతుంటే ఫోను కిందికి వాలిపోయింది గానీ, మాట మాత్రం స్పష్టంగా చెప్పాను."

ఆ వీడియో నెల కిందటి పాత గొడవలోదని పోలీసులు అప్పటికే రాసిచ్చారు. కాదని చెప్పే మాట ఆ నలభై ఒక్క సెకన్లలోనే ఉంది. ఆమె లాయరమ్మకు చెప్పేసింది. చనిపోయినతని భార్యకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. నాలుగేళ్ళు ఎవరు వీడియో తెచ్చినా వాళ్ళ మీద అరిచిందంటే, అందులో సగం తన మీద తనకున్న మంటే.

నాలుగేళ్ళకు విచారణాధికారి తీరిక చేసుకుని తారీఖు వేశాడు. అంతకు ముందురోజు మధ్యాహ్నం క్యాసెట్టక్క టైలరమ్మ ఇంటికి వెళ్ళింది. చనిపోయినతని భార్యను అందరూ అలాగే పిలుస్తారు. ఒంటిగదిలో మిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలకు కాజాలు కుడుతోంది. క్యాసెట్టక్క నిలబడే అంతా చెప్పింది. సాకులు వెతుక్కోలేదు.

టైలరమ్మ మిషను ఆపింది. "నాలుగేళ్ళుగా నాకు టీ ఇస్తున్నారు మీ ఆఫీసులో. ఒక్కరోజైనా చెప్పబుద్ధి కాలేదా?"

"భయమేసిందమ్మా."

"మీకు భయమా? మా ఆయన పాత గొడవలో మనిషని, తాగి పడి చచ్చాడని పిల్లని స్కూల్లో అంటున్నారు. ఆయన నడుచుకుంటూ వెళ్ళాడని ఒక్క కాగితం మీద రాయించుకుంటే చాలనుకున్నా. దాన్ని కూడా మీరే కత్తిరించి పారేశారా?" అని, మళ్ళీ కాళ్ళు తొక్కుడు మీద పెట్టింది. "వెళ్ళండి. ఇంక నన్ను మాట్లాడించకండి."

మర్నాడు విచారణ గదిలో అధికారి కాగితాలు గబగబా చదువుకుంటూ పోయాడు. "స్టేషనులో కెమెరా ఆ రోజు పదకొండు నుంచి అయిదు వరకు మరమ్మతులో ఉంది... రాసుకో" అని టైపిస్టుకు చెప్పి పేజీ తిప్పేశాడు. తరవాత, వీడియో తానే కత్తిరించానని రాసిచ్చిన క్యాసెట్టక్క మీద పడ్డాడు. ఎందుకు కత్తిరించారు? ఎవరు చెప్పారు? ఇలా ఇంకెన్ని కత్తిరించారు? పోలీసుల తరపు వకీలు ముసిముసిగా నవ్వాడు. మూడు పావుగంటలు సాగింది ఆ తతంగం.

"నేనే కత్తిరించాను. తప్పు నాదే. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను" అంది ఆమె. కలం అందుకుంది, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "ఇందాక పేజీ తిప్పేశారే సార్, ఆ ఆరు గంటల సంగతి అడగరా?"

"అది సాంకేతిక లోపం."

"మా ఆయన ఇప్పుడు దుకాణాల్లో కెమెరాలు బిగిస్తాడు సార్. మనిషిని లోపలికి తెచ్చేముందు చెడిపోయి, శవాన్ని పంపేశాక బాగయ్యే కెమెరా ఆయన ఇంతవరకు బిగించలేదు! బాగుచేసిందెవరు? రసీదేది? నలభై ఒక్క సెకన్లకు నన్ను మూడు పావుగంటలు నిలబెట్టారు. ఆరు గంటలకు ఒక్క ముక్క అడగడానికి మీకు నోరు రాలేదా?" లాయరమ్మ కొంగు పట్టి లాగింది. ఆమె కూర్చోలేదు.

"అమ్మా, ఇది మీ చేపల బజారు కాదు" అన్నాడు అధికారి.

అప్పుడు వెనక బెంచీ మీంచి టైలరమ్మ లేచింది. గొంతు పెద్దది చెయ్యలేదు. "అయ్యా, ఈవిడ నా నోట్లో మట్టి కొట్టింది. దాచను. కానీ నిన్న నా ఇంటికొచ్చి, నా ఎదురుగా నిలబడి, నేనే చేశానని చెప్పింది. ఆ ఆరు గంటలు పోగొట్టిన వాళ్ళెవరో లేచి నిలబడమనండి. నా గుమ్మం కూడా ఎక్కక్కర్లేదు. ఇక్కడే చెప్పమనండి."

పోలీసుల వైపు బెంచీలో ఎవరూ కదల్లేదు. టైపిస్టు అధికారి మొహం చూసింది. అధికారి ఫైలు మూశాడు, తెరిచాడు, చివరికి విసుగ్గా రాయమన్నాడు. ఆమె ఒక్క వాక్యం కొట్టింది: కెమెరా ఆగిన ఆరు గంటలకు బాధ్యులెవరని మృతుని భార్య ప్రశ్నించగా ఎవరూ సమాధానం చెప్పలేదు.

టైలరమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది. ఆమె పెట్టాకే క్యాసెట్టక్క పెట్టింది. బయట మెట్ల మీద టైలరమ్మ ఆగింది.

"మీ మీద కోపం పోలేదు నాకు."

"పోనక్కర్లేదమ్మా."

"రేపు ఆ కాగితం కాపీ ఇంటికి పంపండి. మా అమ్మాయి చదవాలి."

"పంపను. నేనే తెస్తాను" అంది క్యాసెట్టక్క.